పెరిగే కణానికి లెక్క కట్టడం, 4వ భాగం: ఏ హద్దు నిండింది?

పోయిన భాగంలో ఈకోలై అనే బాక్టీరియా లోపలి రసాయన చర్యలకి చిన్న లెక్కల నమూనాని (మోడల్‌ని) నడిపాం. 72 పదార్థాలు, 95 చర్యలు. కణం తీసుకోగల గ్లూకోజ్‌కి హద్దు 10 పెట్టి, ఆక్సిజన్ తెరిచి ఉంచితే పెరుగుదల రేటు గంటకి 0.87 వచ్చింది. ఆక్సిజన్ మూసేస్తే 0.21. అంటే 48 నిమిషాల్లో రెట్టింపయ్యే కణానికి మూడుంపావు గంటలు పట్టింది.

దాని మీద రాయగడ నుంచి ఒకమ్మాయి అడిగింది: "ఆక్సిజన్ బోలెడంత ఉన్నా, వేగంగా పెరిగే ఈకోలై ఎసిటేట్ బయటికి వదిలేస్తుందని పుస్తకంలో ఉందండీ. మన నమూనా ఏమీ వదల్లేదేం?" ఈ భాగమంతా ఆ ప్రశ్నకే.

ఈసారి పైథాన్ వద్దు, నెట్ కూడా అక్కర్లేదు. గజపతి జిల్లా కొండల్లో సిగ్నల్ సంగతి మనకి తెలిసిందేగా! లిబ్రేఆఫీస్ కాల్క్ అనే స్ప్రెడ్‌షీటు ఉంటే చాలు.

కణానికి రెండే దారులు ఉన్నాయనుకుందాం. మొదటిది పులిసే దారి. మన ఇంట్లో చద్దన్నం, పక్కింటి ఒడియా వాళ్ళ పఖాళ పుల్లబడేది ఇలాగే: గ్లూకోజ్‌ని లాక్టేట్‌గా విరిచి పారేస్తే 2 ఏటీపీ (కణం ఖర్చుపెట్టుకునే శక్తి నాణెం) మిగులుతుంది, ఆక్సిజన్ అక్కర్లేదు. రెండోది శ్వాస దారి. ఒక గ్లూకోజ్‌కి 6 ఆక్సిజన్ ఖర్చు, రాబడి 17.5 ఏటీపీ (ఆ ఈకోలై నమూనా ఇచ్చే గరిష్ఠం ఇదే).

బీ2 గడిలో పులిసే దారి ప్రవాహం (ఆ దారిన ఎంత గ్లూకోజ్ పోతోందో), బీ3లో శ్వాస ప్రవాహం. ప్రస్తుతానికి రెండిట్లోనూ సున్నా వేయండి. బీ4లో మొత్తం ఏటీపీ: రెండు రెట్లు బీ2, ప్లస్ 17.5 రెట్లు బీ3. బీ5లో ఆ రెండు ప్రవాహాల మొత్తం, అదే గ్లూకోజ్ వాడకం. బీ6లో ఆరు రెట్లు బీ3. టూల్స్ మెనూలో సాల్వర్ తెరిచి, బీ4 గరిష్ఠం కావాలని, మార్చాల్సినవి బీ2, బీ3 అని చెప్పండి. హద్దులు: బీ5 పదికి మించకూడదు, బీ6 ముప్పైకి మించకూడదు. ఆప్షన్లలో ప్రవాహాలు మైనస్‌లోకి పోకూడదన్న గడికి టిక్ పెట్టడం మరవద్దు. లేకపోతే పులిసే దారి అవసరం పడని చోట వింత జవాబులొస్తాయి.

జవాబు: రెండు దారులూ చెరి 5, ఏటీపీ 97.5. ఆక్సిజన్ హద్దు 36కి పెంచితే 113 అవుతుంది. 60 దాటాక ఎంత పెంచినా 175 దగ్గరే ఆగుతుంది, పులిసే దారి సున్నా. ఆ అమ్మాయి చూసింది ఈ స్థితినే.

ఇప్పుడు అసలు మెలిక. పెరిగే కణం ఎంజైములు (చర్యల్ని నడిపే ప్రోటీన్లు) కూడా తనే చేసుకోవాలి, ప్రోటీన్‌కి బడ్జెట్ ఉంటుంది. పోయిన భాగం నమూనాలో ఆ హద్దు లేదు, అందుకే అది ఏమీ వదల్లేదు. ఒక్కో ఏటీపీకి లెక్కేస్తే, ఈకోలైలో ఎసిటేట్ వదిలే దారి కంటే శ్వాసకే ప్రోటీన్ ఎక్కువ కావాలని 2015లో ప్రయోగాలతో చూపించారు. మన షీటులో ఎసిటేట్ దారి బదులు పులిసే దారే ఉంది కాబట్టి, దానికి యూనిట్‌కి 1, శ్వాసకి 15 ప్రోటీన్ అనుకుందాం (పాఠం కోసం నేను వేసుకున్న అంకెలు). బీ7లో బీ2 ప్లస్ 15 రెట్లు బీ3 రాసి, హద్దు 80 పెట్టండి. ఆక్సిజన్ హద్దు తీసేయండి.

మళ్ళీ చెరి 5, మళ్ళీ 97.5! అంకెలో తేడా లేదు, కారణమే వేరు. జవాబు చూసి సంబరపడిపోతే ఈ సంగతి ఎప్పటికీ దొరకదు. సాల్వర్ ఆగాక నేను ముందు చూసేది ఏ హద్దు నిండిందనే, ఏటీపీ తర్వాత.

రెండిటినీ విడదీయడానికి గ్లూకోజ్ హద్దుని 11 చేసి చూడండి. ఆక్సిజన్ కొరత ఉన్న షీటులో శ్వాస 5 దగ్గరే ఉంటుంది, అదనపు గ్లూకోజ్ అంతా పులుస్తుంది, ఏటీపీ 99.5. ప్రోటీన్ కొరత ఉన్న షీటులో శ్వాస 4.93కి తగ్గుతుంది! కొత్తగా వచ్చిన గ్లూకోజ్‌కి ఎంజైములు కావాలి కదా, వాటి కోసం శ్వాస ప్రోటీన్‌కి కోత పడింది. ఏటీపీ 98.4 దగ్గరే ఆగుతుంది.

ఇంటిపని: ప్రోటీన్ షీటులో గ్లూకోజ్ హద్దు 5 నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెం పెంచండి. బీ2 సున్నా వదిలేది 5కీ 5.5కీ మధ్యలో. సరిగ్గా ఎక్కడో ముందు కాగితం మీద లెక్కకట్టి, తర్వాత సాల్వర్‌తో సరిచూడండి.