పల్లె బడిలో చిన్నపిల్లల గదిని తీర్చిదిద్దడం

3 నుంచి 6 ఏళ్ల పిల్లలు కూర్చునే గదిని బాగుచేయాలనుకున్నప్పుడు, కొత్త వస్తువులు కొనడానికి ముందు, ఉన్నవాటిని బీరువాలోంచి తీసి పిల్లల చేతికందే ఎత్తులో పెట్టాలి. తాళం వేసి భద్రంగా దాచిన బొమ్మలు బడి సామాను లెక్క రాసే పుస్తకానికి తప్ప ఎవరికీ పనికిరావు. పటాలను కూడా నేల మీద కూర్చున్న పిల్లల కంటికి ఎదురుగా అతికించాలి.

గది చిన్నదైనా కథలకు, కట్టడపు ఆటలకు, బొమ్మలు గీయడానికి వేర్వేరు మూలలు కేటాయించవచ్చు. కర్రముక్కలు, గులకరాళ్లు, ఆకులు ఊళ్లోనే దొరుకుతాయి. అయితే గింజలవంటి చిన్న వస్తువులను పిల్లలు నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారు కనుక, అవి ఉపాధ్యాయుల కళ్లెదుటే ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది మాట. పిల్లలు ఇంట్లో మాట్లాడే భాషలోనే కథ చెబుతూ, మధ్యలో ఆగి తర్వాత ఏం జరుగుతుందో అడిగి, జవాబు వచ్చేదాకా ఓపికగా వేచి ఉండాలి. అక్షరాలు దిద్దించడానికి తొందరపడకుండా, మట్టి పిసకడం, పూసలు గుచ్చడం, కాగితం చింపడం వంటి పనులతో వేళ్లకు ముందుగా పట్టు రానివ్వాలి. తల్లిదండ్రులు పలక మీద రాత చూపమని అడిగితే, ఈ పనులు రాతకు ఎలా దారితీస్తాయో వారిని గదిలోకి పిలిచి చూపించడం మేలు.