పిల్లలకు 'మాదిరిగా ఉండడం' ఎలా నేర్పాలి? యోహాను 13తో నాలుగు ఆదివారాల పాఠం

"క్రైస్తవుల పిల్లవాడివి, నలుగురికీ మాదిరిగా ఉండొద్దూ?" మన ఇళ్లలో ఈ మాట ఎక్కువగా వినిపించేది పిల్లలు తప్పు చేసి దొరికిపోయినప్పుడే. అందుకే చాలామంది పిల్లలకు మాదిరి అనేది తిట్టులాగే వినిపిస్తుంది. యేసు ప్రభువు ఈ మాట వాడిన తీరు వేరు. యోహాను సువార్త 13వ అధ్యాయంలో ఆయన ముందు భోజనం దగ్గర నుంచి లేచి శిష్యుల పాదాలు కడిగాడు. తరువాత కూర్చుని, తాను చేసిందేమిటో అర్థమైందా అని అడిగాడు. 15వ వచనంలో "మాదిరి" అన్న మాట వచ్చేసరికి పని అయిపోయింది. పాఠం కూడా ఇదే వరుసలో నడవాలి: ముందు చేయడం, తరువాత అడగడం, చివరికి చెప్పడం.

ఈ సండే స్కూల్ పాఠం 8 నుంచి 12 ఏళ్ల పిల్లలకు, ఒక్కో ఆదివారం 50 నిమిషాలు. అంతకన్నా చిన్నవాళ్లకు మొదటి ఆదివారం పాఠం చాలు.

సిద్ధం చేసుకోవాల్సినవి

12 మంది పిల్లలకు 20 లీటర్ల నీళ్ల క్యాన్ ఒకటి, అర లీటరు మగ్గు ఒకటి, వెడల్పాటి టబ్బు ఒకటి, మురికి నీళ్లు పారబోయడానికి బకెట్టు ఒకటి, ప్లాస్టిక్ కుర్చీ ఒకటి కావాలి. కుర్చీ కింద, చుట్టూ గోనె పట్టాలు పరవండి. తడిసిన టైల్స్ మీద పిల్లలు తప్పకుండా జారిపడతారు. ఎవరి తువాలు వాళ్లు తెచ్చుకోవాలని ముందు ఆదివారమే చెప్పండి. మర్చిపోయి వచ్చేవాళ్ల కోసం మూడు అదనంగా ఉంచుకోండి.

నీళ్లు టబ్బులో నింపి అందులో అందరి కాళ్లూ ముంచకండి. మగ్గుతో పోస్తే కింద టబ్బులో పడాలి. ఒకరు కడిగిన నీళ్లు మరొకరికి తగలకూడదు. కాలికి పుండు, గజ్జి ఉన్న పిల్లలుంటే నీళ్లు పోసి వదిలేయండి, రుద్దవద్దు. ఒక్కొక్కరికి నిమిషంన్నర పడుతుంది కాబట్టి 12 మందికి 18 నిమిషాలు. 15 మంది దాటితే ఇద్దరు టీచర్లు ఉండాలి.

తల్లిదండ్రులకు ముందే చెప్పండి, ఇష్టమున్నవాళ్లను వచ్చి వెనక కూర్చోమనండి. తలుపులు తెరిచే ఉంచండి. మగ టీచర్ ఒక్కరే ఉంటే ఆడపిల్లల కాళ్ల మీద నీళ్లు పోసి, తువాలు చేతికిస్తే చాలు.

మొదటి ఆదివారం: కాళ్లు కడగడం

పాట, ప్రార్థన అయ్యాక ఏమీ వివరించకండి. వాచీ తీసి పక్కన పెట్టండి. తువాలు నడుముకు చుట్టుకుని కింద కూర్చుని, మొదటి పిల్లవాణ్ణి పేరు పెట్టి పిలవండి. వరుసలో ఎవరు ముందుంటే వాళ్లే మొదట. పేదింటి బిడ్డనో, అల్లరి చేసేవాణ్ణో ఏరి పిలిస్తే తనను ఎందుకు ఎంచారో ఆ బిడ్డకు వెంటనే తెలిసిపోతుంది.

మొదటి ఇద్దరి వంతు వచ్చినప్పుడు నవ్వులు వస్తాయి. నవ్వనివ్వండి, గద్దించకండి. తమ వంతు దగ్గరపడేకొద్దీ వాళ్లే నెమ్మదిస్తారు. ఎవరైనా వద్దంటే బలవంతం చేయకండి. పేతురు కూడా వద్దన్నాడు కదా! "నేను నిన్ను కడగకపోతే నాతో నీకు పాలు లేదు" అని ప్రభువు పేతురుకిచ్చిన జవాబును పిల్లల మీద బెదిరింపుగా వాడవద్దు.

అందరూ చాప మీద కూర్చున్నాక అడగండి: "మనింటికి చుట్టాలొస్తే కాళ్లకు ఏమిస్తాం?" చెంబుతో నీళ్లిస్తామంటారు. "మరి మనమే కడుగుతామా?" ఇక్కడ ఎవరో ఒకరు పెళ్లిలో అల్లుడి కాళ్లు కడుగుతారని చెబుతారు. మంచి జవాబు. అక్కడ కడిగేది అల్లుణ్ణి గొప్ప చేయడానికి. ఇక్కడ గురువే శిష్యుల కాళ్లు కడిగాడు. దుమ్ము దారుల్లో చెప్పులతో నడిచిన ఆ కాలంలో అది పనివాళ్లు చేసే పని.

ఇప్పుడు బైబిల్ తెరిచి 1 నుంచి 17 వచనాలు చదివించండి. మన బైబిల్లో "పళ్లెము" అని ఉంటుంది. పిల్లలు అన్నం తినే పళ్లెం అనుకుంటారు, టబ్బు చూపించి సరిచేయండి. తరువాత 30వ వచనానికి వెళ్లండి. ప్రభువును శత్రువులకు అప్పగించిన యూదా బయటికి వెళ్లింది అప్పుడే. అంటే అతని కాళ్లు కూడా ప్రభువు కడిగాడు. దీని మీద కనీసం ఐదు నిమిషాలు గడపండి. ఎవరితో కటీఫ్ చెప్పారో ఆ పిల్లల ముఖాలు ఈ మాట దగ్గరే మారతాయి. పేర్లు అడగకండి.

ఫోటోలు తీయవద్దు. ఎందుకో మూడో ఆదివారం తెలుస్తుంది.

రెండో ఆదివారం: ఐదు వేళ్ల వాక్యం

కంఠత వాక్యం 1 తిమోతి 4:12. అపొస్తలుడైన పౌలు తన యువ శిష్యుడు తిమోతిని ఐదు విషయాల్లో మాదిరిగా ఉండమన్నాడు: మాట, ప్రవర్తన, ప్రేమ, విశ్వాసం, పవిత్రత. ఒక్కో వేలికి ఒకటి. బొటనవేలితో మొదలుపెట్టి మూడుసార్లు నెమ్మదిగా, రెండుసార్లు కళ్లు మూసుకుని చెప్పించండి. తిమోతిది చిన్న వయసని ఎవరూ తక్కువగా చూడకూడదన్న ముక్క వదిలేయకండి. మాదిరి పెద్దవాళ్ల పని అనుకునే పిల్లలకు కావలసింది ఆ ముక్కే.

నాలుగు వేళ్లకు అర్థం చెప్పడం తేలిక. పవిత్రత దగ్గర చిక్కు వస్తుంది. "ఫోన్ చేతిలో ఉంది, ఇంట్లో ఎవరూ లేరు, చూడకూడనిది కనిపించింది, పక్కన పెట్టేశావు" అని చెప్పండి. పన్నెండేళ్లవాళ్లకు ఇంకేమీ విప్పి చెప్పనక్కర్లేదు.

తరువాత ప్రతి బిడ్డా కాగితం మీద తన చెయ్యి గీసుకుని, ఒక్కో వేలి మీద ఆ వారం చేయబోయే పని రాయాలి. "మంచిగా ఉంటాను", "అందరినీ ప్రేమిస్తాను" అని రాస్తే తిరిగి ఇచ్చేయండి. ఏ పని, ఎక్కడ, ఎప్పుడు అన్నది అందులో ఉండాలి. "ఆరాధన మొదలయ్యాక మందిరం గుమ్మం దగ్గర చెప్పులు జతలుగా సర్దుతాను" అన్నది సరైన పని. మెట్ల మీద ఒకదానిపై ఒకటి పడి ఉన్న చెప్పుల్లో తన జత కోసం ఒంటికాలి మీద తడుముకునే ముసలమ్మను ప్రతి ఆదివారం చూస్తూనే ఉంటాం. ఆ జత గోడ పక్కన విడిగా పెట్టడానికి పదేళ్ల బిడ్డకు పది క్షణాలు చాలు. ఆమెకు మాత్రం అది చేయి పట్టుకుని నడిపించినంత.

మూడో ఆదివారం: ఎవరూ చూడని పని

అన్నిటికన్నా కష్టమైన పాఠం ఇది. మత్తయి 5:16 మన సత్క్రియలు మనుషులు చూడాలంటుంది. 6:1 మనుషులకు కనబడాలని చేయవద్దంటుంది. రెండూ పక్కపక్కనే చదివించి, ఈ రెండూ ఎలా కుదురుతాయని పిల్లలనే అడగండి. తొందరపడి జవాబు చెప్పకండి. 5:16 చివరి భాగం మళ్లీ చదివిస్తే వాళ్లకే దొరుకుతుంది: చూసినవాళ్లు మహిమపరచేది పరలోకపు తండ్రిని, మనల్ని కాదు. పిల్లలు తమను తాము పరీక్షించుకోవడానికి ఒక ప్రశ్న ఇవ్వండి: "ఎవరూ చూడలేదని బాధ కలిగిందా?"

ఆ వారం ఒక మేలు ఎవరికీ తెలియకుండా చేయాలి. మరుసటి ఆదివారం "అయిందా?" అని మాత్రమే అడగండి, ఏం చేశారో అడగవద్దు. కంఠత వాక్యానికి చాక్లెట్ ఇస్తే తప్పు లేదు. ఈ పనులకు మాత్రం బహుమతి, గోడమీద నక్షత్రాల పట్టిక, వాట్సాప్ స్టేటస్ ఏవీ వద్దు. అవి పెట్టిన రెండు వారాలకే పిల్లలు టీచర్ వైపు చూస్తూ మేలు చేయడం మొదలుపెడతారు.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. "రహస్యంగా" అనే మాట నేర్పిన రోజే దాని హద్దు కూడా నేర్పాలి. "నువ్వు చేసే మేలు దాచుకోవచ్చు. కానీ పెద్దవాళ్లెవరైనా, టీచరైనా, అయ్యగారైనా, చుట్టాలైనా, నిన్ను ముట్టుకుని 'ఎవరికీ చెప్పకు' అంటే అది దాచకూడదు, వెంటనే అమ్మకు చెప్పాలి. అమ్మ వినకపోతే వినేవాళ్లు దొరికేదాకా చెప్పాలి." ఈ మాటలు ఇలాగే, స్పష్టంగా చెప్పండి. తనను పోలి నడవమన్న పౌలు, తాను క్రీస్తును పోలి నడుస్తున్న ప్రకారం అని షరతు పెట్టాడు (1 కొరింథీ 11:1). ఆ దారి తప్పిన పెద్దల వెంట నడవనక్కర్లేదని పిల్లలకు తెలియాలి.

ఇంట్లో తల్లిదండ్రులు చేయాల్సింది

వారానికి 50 నిమిషాలు చెప్పింది మిగతా వారమంతా ఇంట్లో నిలబడాలి. తిమోతి విశ్వాసం అవ్వ లోయిలో, తల్లి యునీకేలో ముందుగా ఉన్నదే. మందిరం నుంచి బండి మీద వస్తూ ప్రసంగాన్నీ పాటలు పాడినవాళ్లనూ విమర్శిస్తే మధ్యలో కూర్చున్న బిడ్డ వింటుంది. అప్పులవాళ్లు వస్తే "నాన్న లేడని చెప్పు" అని పంపిస్తే ఐదు వేళ్లలో మొదటి వేలు అక్కడే పోతుంది.

అన్నిటికన్నా బలంగా నేర్పేది క్షమాపణ. బిడ్డ మీద అన్యాయంగా అరిచారనుకోండి. ఆ రోజు కుటుంబ ప్రార్థనకు ముందే, ఆ బిడ్డ ఎదుట: "పొద్దున నీ తప్పు లేకుండా అరిచాను. నాది తప్పు, నన్ను క్షమించు." అక్కడితో ఆపండి. "కానీ నువ్వు కూడా..." అన్నారంటే ముందు చెప్పిందంతా రద్దయినట్టే.

పెద్దబిడ్డను "తమ్ముడికి నువ్వే మాదిరి" అని అస్తమానం అనడం మానండి. తమ్ముడు చేసిన తప్పుకూ తానే బాధ్యుడైనట్టు కుమిలిపోతాడు. దానికి బదులు రాత్రి ప్రార్థనలో వాక్యం చదివే పని తనకిచ్చి, తమ్ముడికి బైబిల్లో ఆ చోటు వెతకడం నేర్పమనండి.

నాలుగో ఆదివారం: పిల్లలే నేర్పడం

పెద్ద తరగతి పిల్లలు ఇద్దరిద్దరుగా నాలుగైదేళ్లవాళ్ల చాప దగ్గరికి వెళ్లి ఐదు వేళ్ల వాక్యం నేర్పాలి. ఐదు నిమిషాలు చాలు, అంతకన్నా ఎక్కువసేపు చిన్నవాళ్లు కూర్చోరు. టీచర్ వెనక చాప మీద కూర్చోవాలి. మధ్యలో మర్చిపోతే వెంటనే అందించకండి, మనసులో పది లెక్కపెట్టండి. చాలాసార్లు ఏడో ఎనిమిదో అంకె దగ్గర రెండో పిల్లవాడే అందిస్తాడు.