వరద బీమాలో తాత్కాలిక అద్దెను ఎలా రాబట్టుకున్నాను

వరద నీరు తీసేసరికి మా ఇంటి గోడలు మొలలోతు వరకు నానిపోయి, విద్యుత్ తీగలు పాడైపోవడంతో, మరమ్మతులు పూర్తయ్యే వరకు అద్దె ఇంటికి మారవలసి వచ్చింది. మా గృహ బీమా పాలసీలో ప్రత్యామ్నాయ వసతికి అద్దె చెల్లించే నిబంధన ఉన్నప్పటికీ, బీమా సంస్థ మరమ్మతు ఖర్చును ఆమోదించి అద్దెను మాత్రం నిరాకరించింది.

కారణం, నష్టాన్ని అంచనా వేయడానికి బీమా సంస్థ నియమించిన సర్వేయరు నివేదికలో ఉంది. నష్టమంతా వివరంగా నమోదైంది గాని, ఇల్లు నివాసయోగ్యం కాదన్న వాక్యం అందులో లేదు. అద్దె రావాలంటే ఇల్లు దెబ్బతినడం చాలదు, అందులో ఉండడం సాధ్యం కాదని రుజువు కావాలి. అందుకని, విద్యుత్ సరఫరా ప్రమాదకరమని అర్హత గల ఎలక్ట్రీషియను నుండి, గోడలు ఆరి పనులు ముగియడానికి ఎంతకాలం పడుతుందో ఇంజినీరు నుండి రాతపూర్వకంగా తీసుకుని, తేదీలున్న ఫొటోలతో జతచేసి, అనుబంధ నివేదిక ఇవ్వవలసిందిగా సర్వేయరును కోరాను. అది అందిన తరువాతే సంస్థ తన నిర్ణయాన్ని మార్చుకుంది. ఇంటిని కోల్పోయి అలసిపోయిన కుటుంబాలకు ఈ సంగతి ముందే ఎవరైనా చెప్పాలని నా గట్టి అభిప్రాయం.

అద్దె ఒప్పందాన్ని నెలవారీగా పొడిగించుకునే వీలుతో రాయించుకున్నాను. దీర్ఘకాలపు ఒప్పందమైతే, మరమ్మతులు ముగిశాక మిగిలే నెలల భారం మన మీదే పడుతుంది. అద్దెను బ్యాంకు ద్వారానే చెల్లించాను. అడ్వాన్సు తిరిగి వచ్చే సొమ్ము కనుక దానిని క్లెయిములో చేర్చలేదు.