ఈథర్స్‌తో బ్లాక్‌చైన్, టోకెన్ వివరాలు చదవడం: ముందు నెట్‌వర్క్ ఏదో చూడండి, తర్వాతే నంబర్

బ్లాక్‌చైన్ మీద ఉన్నది చదవడానికి వాలెట్ అక్కర్లేదు, ప్రైవేట్ కీ (వాలెట్‌లోని డబ్బు కదిలించే రహస్య సంఖ్య) అక్కర్లేదు, గ్యాస్ ఫీజు (లావాదేవీకి నెట్‌వర్క్ తీసుకునే రుసుము) కూడా కట్టక్కర్లేదు. చాలామంది ఇక్కడే జంకి ఆగిపోతారు, అందుకే ముందు ఈ మాట చెప్తున్నా. ఏ ట్యుటోరియల్ అయినా బ్యాలెన్స్ చూడటానికే మీ ప్రైవేట్ కీ పెట్టమంటే ఆ పేజీ వెంటనే మూసేయండి.

మనం వాడబోయేది ఈథర్స్ అనే జావాస్క్రిప్ట్ ప్యాకేజీ, రాసింది రిచర్డ్ మూర్. ఎథీరియంతో పాటు పాలిగాన్, ఆర్బిట్రమ్, బేస్ లాంటి ఈవీఎం నెట్‌వర్క్‌లకు (ఎథీరియం తరహా ప్రోగ్రాములే నడిపేవి) ఇదే సరిపోతుంది. సొలానాకీ బిట్‌కాయిన్‌కీ పనికిరాదు, వాటి ప్యాకేజీలు వేరు. ఈ గైడ్ 6వ వెర్షన్‌కి రాసింది. ఎక్కడెక్కడి నుంచో తెచ్చి అతికించే పాత కోడ్ చాలావరకు 5వ వెర్షన్‌ది, అందులో ప్రొవైడర్ (నెట్‌వర్క్‌తో మాట్లాడే భాగం) 'ఈథర్స్ డాట్ ప్రొవైడర్స్' కింద, ఫార్మాట్‌యూనిట్స్ (నంబర్‌ని చదవగలిగే రూపంలోకి మార్చేది) 'ఈథర్స్ డాట్ యుటిల్స్' కింద ఉంటాయి. 6లో రెండూ నేరుగా ఈథర్స్ కిందికే వచ్చేశాయి, కాబట్టి అన్‌డిఫైన్డ్ అంటూ ఎర్రర్ వస్తే ముందు చూడాల్సింది ఇదే.

సెటప్‌కి పెద్ద పనేం లేదు. కొత్త ఫోల్డర్‌లో ఎన్‌పీఎం ఇనిట్ కొట్టి, ఎన్‌పీఎంతోనే ఈథర్స్ ఇన్‌స్టాల్ చేసి, ప్యాకేజ్ డాట్ జేసన్‌లో టైప్ అన్నచోట మాడ్యూల్ అని రాయండి. అప్పుడు ఇంపోర్ట్ పనిచేస్తుంది, ఫైల్ పైభాగంలోనే అవెయిట్ కూడా వాడుకోవచ్చు.

ఇక ఆర్‌పీసీ లింకు. మన కోడ్‌కి, నెట్‌వర్క్‌లో నడుస్తున్న ఒక నోడ్‌కి (బ్లాక్‌చైన్ కాపీ ఉంచుకునే కంప్యూటర్) మధ్య దారి అది. నేర్చుకోవడానికి ఉచిత పబ్లిక్ లింకులు చాలు, కానీ రిక్వెస్టులు ఎక్కువైతే అవి అడ్డుకుంటాయి, అప్పుడు ఇన్‌ఫ్యూరా, ఆల్కెమీ లాంటి చోట ఖాతా తెరిచి సొంత కీ తీసుకోవాలి. ఆ కీని కోడ్‌లో రాయకుండా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టండి, ఆ ఫైల్ గిట్‌లోకి వెళ్లకుండా చూసుకోండి. బ్రౌజర్‌లో నడిచే కోడ్‌లో పెట్టిన కీ ఏదైనా సరే అందరికీ కనిపిస్తుంది, అలాంటప్పుడు మధ్యలో మీ సర్వర్ ఒకటి ఉండటం మంచిది.

ఆ లింకు ఇచ్చి జేసన్‌ఆర్‌పీసీప్రొవైడర్ తయారుచేసుకున్నాక చాలామంది నేరుగా బ్యాలెన్స్ అడిగేస్తారు. వద్దు. ముందు గెట్‌నెట్‌వర్క్ పిలిచి చైన్ ఐడీ (ఏ నెట్‌వర్కో చెప్పే నంబర్) చూడండి. ఎథీరియం మెయిన్‌నెట్‌కి 1, పాలిగాన్‌కి 137, బేస్‌కి 8453, ఆర్బిట్రమ్ వన్‌కి 42161, టెస్ట్‌నెట్ (ప్రయోగాల కోసం ఉన్న నెట్‌వర్క్) సెపోలియాకి 11155111. ఒకే అడ్రస్ ఈ నెట్‌వర్క్‌లన్నిటిలోనూ చెల్లుతుంది, అసలు చిక్కంతా అక్కడే ఉంది: లింకు తప్పు నెట్‌వర్క్‌ది అయినా ఎర్రర్ రాదు, వేరే నంబర్ వస్తుంది, అది చూడటానికి నిజంలాగే ఉంటుంది. అందుకే చైన్ ఐడీ మీరు అనుకున్నది కాకపోతే ప్రోగ్రామ్ అక్కడే ఆగిపోయేలా రాయండి. ఈ ఒక్క తనిఖీ లేని స్క్రిప్ట్‌ని నేనైతే నమ్మను. ఇంకో సంగతి, చైన్ ఐడీ బిగ్‌ఇంట్‌గా (ఎంత పెద్ద పూర్ణాంకమైనా పట్టే జావాస్క్రిప్ట్ రకం) వస్తుంది, మూడు ఈక్వల్స్ పెట్టి మామూలు 1తో పోలిస్తే ఎప్పుడూ ఫాల్సే. 1 పక్కన ఎన్ అక్షరం చేర్చి పోల్చాలి.

బిగ్‌ఇంట్ గురించి కాస్త ఆగి చెప్పాలి. ఈథర్ అంటే ఎథీరియం నాణెం, వెయ్ అంటే దానిలో అతి చిన్న ముక్క; ఒక ఈథర్‌కి 1 పక్కన 18 సున్నాలు పెట్టినన్ని వెయ్. జావాస్క్రిప్ట్ మామూలు నంబర్ తప్పు లేకుండా పట్టుకోగలిగే పెద్ద పూర్ణాంకం 9007199254740991, అంటే వెయ్ లెక్కలో ఒక ఈథర్‌లో వందో వంతు కూడా కాదు. గెట్‌బ్యాలెన్స్ బిగ్‌ఇంట్ ఇచ్చేది ఇందుకే. తొందరపడి దాన్ని నంబర్‌గా మార్చేస్తే చివరి అంకెలు చెప్పాపెట్టకుండా మారిపోతాయి. కూడికలు, తీసివేతలు అన్నీ బిగ్‌ఇంట్‌లోనే చేసి, తెర మీద చూపించే ముందు మాత్రమే ఫార్మాట్‌ఈథర్ వాడండి. బిగ్‌ఇంట్‌ని మామూలు నంబర్‌తో కలిపితే టైప్ ఎర్రర్ వస్తుంది, జేసన్ స్ట్రింగిఫై కూడా దాన్ని ఒప్పుకోదు, కాబట్టి ఎక్కడికైనా పంపేటప్పుడు స్ట్రింగ్‌గా మార్చి పంపాలి.

బ్లాక్ (ఒక్కసారిగా చేరే లావాదేవీల కట్ట) వివరాలు తేలిక. గెట్‌బ్లాక్‌నంబర్ తాజా బ్లాక్ నంబర్ ఇస్తుంది, గెట్‌బ్లాక్ మిగతావి ఇస్తుంది. టైమ్‌స్టాంప్ సెకన్లలో ఉంటుంది, జావాస్క్రిప్ట్ డేట్‌కి మిల్లీసెకన్లు కావాలి, వెయ్యితో గుణించండి. ఫీజుల కోసం గెట్‌ఫీడేటా ఉంది.

ఇప్పుడు టోకెన్లు. ఈథర్ బ్యాలెన్స్ నెట్‌వర్క్‌లోనే రాసి ఉంటుంది, టోకెన్ అలా కాదు, అదొక కాంట్రాక్ట్ (బ్లాక్‌చైన్ మీదే నడిచే ప్రోగ్రామ్), ఎవరి దగ్గర ఎంతుందో దాని లోపలే రాసుకుంటుంది. ఎథీరియంలో ఇలాంటివి ఎక్కువగా ఈఆర్‌సీ-20 పద్ధతి పాటిస్తాయి, 2015లో ఫాబియన్ వోగెల్‌స్టెల్లర్, విటాలిక్ బ్యుటెరిన్ ప్రతిపాదించిన పద్ధతి అది. కాంట్రాక్ట్‌ని అడగాలంటే దాని ఏబీఐ (అందులోని ఫంక్షన్ల జాబితా) కావాలి, అయితే పెద్ద జేసన్ ఫైల్ వెతుక్కోనక్కర్లేదు. నేమ్, సింబల్, డెసిమల్స్, టోటల్‌సప్లై, బ్యాలెన్స్‌ఆఫ్ ఈ ఐదింటినీ సాలిడిటీలో (కాంట్రాక్ట్‌లు రాసే భాష) ఎలా రాస్తారో అలాగే ఒక్కో వరుసగా ఒక అర్రేలో పెట్టండి, ఈథర్స్ అర్థం చేసుకుంటుంది. ప్రతి వరుసలో వ్యూ (చదవడానికే అని చెప్పేది) అన్న మాట మాత్రం మర్చిపోవద్దు, అది లేకపోతే లావాదేవీ పంపుతున్నారనుకుని సంతకం చేసేవాడు లేడని ఎర్రర్ ఇస్తుంది. తర్వాత కాంట్రాక్ట్ క్లాస్‌కి అడ్రస్, ఆ అర్రే, ప్రొవైడర్ ఇస్తే చాలు.

బ్యాలెన్స్‌ఆఫ్ నుంచి 2500000 వచ్చిందనుకోండి. అది ఎంత? డెసిమల్స్ (చివరి ఎన్ని అంకెలు దశాంశ బిందువు తర్వాతివో) అడగనిదే చెప్పలేం. యూఎస్‌డీసీ అనే టోకెన్‌కి ఎథీరియంలో 6 డెసిమల్స్, అంటే రెండున్నర. అదే నంబర్ 18 డెసిమల్స్ ఉన్న డాయ్‌ది అయితే 0.0000000000025, దాదాపు ఏమీ లేనట్టే. డబ్ల్యూబీటీసీ అనే ఇంకో టోకెన్‌కి 8. పైగా ఒకే పేరున్న టోకెన్‌కి కూడా నెట్‌వర్క్ మారితే ఇది మారొచ్చు: యూఎస్‌డీటీకి ఎథీరియంలో 6, బీఎన్‌బీ చైన్‌లో 18. కోడ్‌లో 18 అని చేత్తో రాసి పెట్టుకోవడం మానేసి, ప్రతిసారీ కాంట్రాక్ట్‌నే అడిగి, వచ్చిందాన్ని ఫార్మాట్‌యూనిట్స్‌కి ఇవ్వండి.

పేరుని, సింబల్‌ని గుర్తింపుగా వాడొద్దు. యూఎస్‌డీసీ అన్న సింబల్‌తో ఎవరైనా ఈరోజే కొత్త కాంట్రాక్ట్ పెట్టేయొచ్చు, ఆపేవాళ్లు లేరు. టోకెన్‌కి అసలు గుర్తింపు చైన్ ఐడీ, అడ్రస్ రెండూ కలిపితేనే. అడ్రస్‌ని టోకెన్ జారీ చేసినవాళ్ల సొంత సైట్ నుంచే తీసుకోండి, యూఎస్‌డీసీ అయితే జారీ చేసే సర్కిల్ వాళ్లు తాము జారీ చేసే ప్రతి నెట్‌వర్క్‌కీ ఇస్తారు. ఈఆర్‌సీ-20లో నేమ్, సింబల్, డెసిమల్స్ తప్పనిసరి కూడా కాదు. మేకర్ అనే ప్రాజెక్ట్ వాళ్ల ఎంకేఆర్ టోకెన్ సింబల్ స్ట్రింగ్‌గా కాకుండా బైట్స్32గా (32 బైట్ల ముడి డేటాగా) వస్తుంది, అలాంటివి మీ జాబితాలో ఉంటే ట్రై, క్యాచ్ పెట్టుకోండి.

బ్యాడ్ డేటా అన్న ఎర్రర్ చూసి చాలామంది టెన్షన్ పడి ఏబీఐ మార్చడం మొదలుపెడతారు. ఎక్కువసార్లు ఆ నెట్‌వర్క్‌లో ఆ అడ్రస్ దగ్గర కాంట్రాక్టే ఉండదు. గెట్‌కోడ్ పిలవండి, సున్నా, ఎక్స్ తప్ప ఇంకేమీ రాకపోతే సంగతి అదే. ఒకేసారి నాలుగైదు అడిగినప్పుడే ఎర్రర్లు వస్తుంటే కారణం వేరే కావచ్చు: ఈథర్స్ రిక్వెస్టులను ఒక బ్యాచ్‌గా కట్టి పంపుతుంది, కొన్ని ఉచిత నోడ్‌లు బ్యాచ్‌లు తీసుకోవు. ప్రొవైడర్ ఆప్షన్లలో బ్యాచ్‌మ్యాక్స్‌కౌంట్‌ని 1 చేసి చూడండి.

చాలా అడ్రస్‌ల బ్యాలెన్స్‌లు కలిపి మొత్తం చూపించాలంటే ముందు బ్లాక్ నంబర్ ఒకటి తీసుకుని, ప్రతి కాల్‌లో బ్లాక్‌ట్యాగ్‌గా అదే ఇవ్వండి. లేదంటే ఎథీరియంలో 12 సెకన్లకో బ్లాక్ వస్తుంది కాబట్టి మొదటి బ్యాలెన్స్ ఒక బ్లాక్‌ది, చివరిది ఇంకో బ్లాక్‌ది అవుతుంది, మధ్యలో చేతులు మారిన టోకెన్లు రెండుసార్లు లెక్కకు రావొచ్చు, లేదా అసలు రాకపోవచ్చు. బాగా పాత బ్లాక్‌ల బ్యాలెన్స్ కావాలంటే మామూలు నోడ్ దగ్గర ఉండదు, ఆర్కైవ్ నోడ్ లింకు తీసుకోవాలి.

ఎవరు ఎవరికి పంపారో కావాలంటే ఏబీఐలో ట్రాన్స్‌ఫర్ ఈవెంట్ (టోకెన్ పంపినప్పుడల్లా కాంట్రాక్ట్ రాసే నమోదు) వరుస చేర్చి క్వెరీఫిల్టర్ వాడండి. మొదటి బ్లాక్ నుంచి ఇప్పటిదాకా అని ఒక్కసారే అడిగితే చాలా నోడ్‌లు ఒప్పుకోవు, ముక్కలుగా అడగాలి. వెయ్యి బ్లాక్‌లతో మొదలుపెట్టి, ఎర్రర్ వస్తే సగం చేసుకుంటూ వెళ్లే లూప్ రాసుకోండి. వచ్చినవాటిని డేటాబేస్‌లో దాస్తుంటే లావాదేవీ హ్యాష్ (దాని గుర్తింపు కోడ్), లాగ్ ఇండెక్స్ (ఆ ఈవెంట్ వరుస సంఖ్య) రెండూ కలిపి కీగా పెట్టండి, ఒకే లావాదేవీలో పది ట్రాన్స్‌ఫర్లు కూడా ఉండొచ్చు. తాజా బ్లాక్ దాకా వెళ్లకుండా, గెట్‌బ్లాక్‌కి ఫైనలైజ్డ్ అని ఇస్తే వచ్చే బ్లాక్ దగ్గరే ఆగండి. ఎథీరియంలో అది తాజా బ్లాక్ కంటే దాదాపు పావుగంట వెనక ఉంటుంది, కానీ అక్కడిదాకా ఉన్నది ఇక వెనక్కి పోదు, మీరు దాచుకున్న వరుసలు మళ్లీ చెరిపి రాసుకునే పని ఉండదు.