ఇంగ్లీష్‌లో చెప్పిన టైమ్ తప్పుతోందా? ముందు తేదీ చూడండి

టికెట్ కానీ, ఇంటర్వ్యూ మెయిల్ కానీ, అప్లికేషన్ గడువు కానీ, టైమ్ తప్పిందంటే అందరూ గ్రామర్ మీద పడతారు. ఇన్, ఆన్, యాట్ అంటూ పుస్తకాలు తిరగేస్తారు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది సమస్య గ్రామర్ కాదు. అంకె పక్కనున్న ఏఎమ్, పీఎమ్‌లను తేదీతో కలిపి చదవరు, అంతే. దయచేసి ముందు అది చూడండి. అక్కడ తేడా లేకపోతేనే మిగతావి.

సమస్య: సరిగ్గా ఒక రోజు తప్పింది

విమానం 15వ తేదీ మంగళవారం, 1:40 ఏఎమ్. ఇంట్లో అందరూ టికెట్ చూశారు. మంగళవారం రాత్రి భోంచేసి, సూట్‌కేసులు సర్దుకుని శంషాబాద్ బయల్దేరారు. ఆ విమానం ముందురోజు రాత్రి వాళ్లు నిద్రలో ఉండగానే వెళ్లిపోయింది.

ఇది ఇంగ్లీష్ రానివాళ్లకే జరుగుతుందనుకోకండి. ఇంజినీర్లకూ లెక్చరర్లకూ జరుగుతుంది. అసలు కారణం మన రోజు లెక్క. పంచాంగంలో వారం సూర్యోదయంతో మొదలై మర్నాటి సూర్యోదయం దాకా నడుస్తుంది. రాత్రి రెండింటికి పుట్టిన బిడ్డకు జాతకంలో సోమవారం అని రాసి, బర్త్ సర్టిఫికెట్‌లో మంగళవారం తేదీ వేసేది అందుకే. ఒంటిగంటకు మెలకువ వచ్చినా ‘సోమవారం రాత్రి నిద్ర పట్టలేదు’ అనే అంటాం. ఇంగ్లీష్ వాళ్లూ కబుర్లలో అలాగే అంటారు. కానీ టికెట్ మీద నడిచేది గడియారం లెక్క. అక్కడ రాత్రి 12 దాటితే తేదీ మారిపోతుంది.

దీనికి తోడు 12 అంకె. 11 పీఎమ్ తర్వాత 12 పీఎమ్ వస్తుందనుకోవడం సహజం. రాదు. 12 పీఎమ్ అంటే మిట్టమధ్యాహ్నం. 12 ఏఎమ్ అంటే అర్ధరాత్రి, అదీ ఆ తేదీ మొదలయ్యే క్షణం. గడువు ‘15వ తేదీ 12 ఏఎమ్’ అని ఉంటే మీకు 15న ఒక్క నిమిషం కూడా లేదు. 14 రాత్రికే పని పూర్తవ్వాలి.

పరిష్కారం: టైమ్ 12 ఏఎమ్‌కీ 5 ఏఎమ్‌కీ మధ్య ఉంటే, టికెట్ మీద తేదీని కాదు, ఇల్లు కదలాల్సిన రాత్రిని కాగితం మీద రాసుకోండి: ‘14, సోమవారం, రాత్రి 9కి బయల్దేరాలి.’ ఇంట్లో పెద్దవాళ్లకు కూడా ఆ మాటే చెప్పండి, తేదీ చెప్పకండి. రైలుకూ ఇదే పద్ధతి. సికింద్రాబాద్‌లో 14 రాత్రి బయల్దేరిన బండిని విజయవాడలో తెల్లవారుజామున 3కి ఎక్కేవాళ్లు 15వ తేదీకి టికెట్ తీసుకోవాలి. గడువులో ఒట్టి ‘మిడ్‌నైట్’ అని ఉంటే ముందు రాత్రే అనుకుని పంపేయండి. గడువు పెట్టేది మీరైతే 11:59 పీఎమ్ అని రాయండి, ఎవరికీ అనుమానం రాదు.

సమస్య: అమెరికా మీటింగ్ ఉన్నట్టుండి గంట మారింది

వాళ్లు మార్చిలో రెండో ఆదివారం గడియారం ముందుకు తిప్పుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు. న్యూయార్క్‌కీ మనకూ తేడా వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర. నోటి లెక్క మానేసి క్యాలెండర్ ఇన్వైట్ అడగండి.

సమస్య: మీటింగ్ టైమ్ మార్చారు, మీరు వెళ్లేసరికి అయిపోయింది

‘బ్రింగ్ ఫార్వర్డ్’ అంటే ఇంకా తొందరగా పెట్టారని. ‘పుష్ బ్యాక్’ అంటే వాయిదా. ముందుకు, వెనక్కు అని మాటకు మాట పెట్టుకుంటే తలకిందులవుతుంది. ‘బ్రింగ్ ఫార్వర్డ్’ బదులు మనం వాడే ‘ప్రీపోన్’ మన దేశం దాటితే చాలామందికి తెలియదు, బయటివాళ్లకు రాసేటప్పుడు వాడకండి.

సమస్య: శుక్రవారానికల్లా అడిగారు, మీరు శుక్రవారం దాకా చేస్తూనే ఉన్నారు

‘బై ఫ్రైడే’ అంటే శుక్రవారానికల్లా ఇచ్చేయాలి. ‘అంటిల్ ఫ్రైడే’ అంటే శుక్రవారం దాకా సాగుతుంది. సెలవు చీటీలో అంటిల్, పని అప్పగించే మెయిల్‌లో బై.

04/05 అని ఉంటే రాసింది ఎవరో చూడండి: అమెరికా వాళ్లకు ఏప్రిల్ 5, మనకూ బ్రిటన్‌కూ మే 4. ‘నెక్స్ట్ ఫ్రైడే’ అంటే ఏ శుక్రవారమో ఇంగ్లీష్ వాళ్లకే ఏకాభిప్రాయం లేదు, తేదీ అడిగేయండి. బ్రిటన్ వాళ్ల ‘హాఫ్ సెవెన్’ మన ఏడున్నరే. ‘బైవీక్లీ’ వారానికి రెండుసార్లో, రెండు వారాలకోసారో అన్న గొడవ అరుదుగా వస్తుంది. వచ్చినప్పుడు అడగండి, చాలు.