ఇంటీరియర్ పనిలో మీ విలువలు తేల్చుకోవడం ఎలా

'నాణ్యత', 'నమ్మకం' అని ఆఫీసు గోడకు రాసిపెట్టుకుంటే సరిపోదు. ముందు మీరు చేసిన ఇళ్లలో ఐదింటి ఫైళ్లు తీయండి. ఎక్కడ మనసు ఒప్పుకోలేదో, ఎక్కడ డబ్బు వదులుకున్నా బాధ అనిపించలేదో ఒక్కో వాక్యంలో రాయండి. మళ్లీ మళ్లీ వచ్చేవే మీ విలువలు. మూడు చాలు. ఎనిమిది పెట్టుకుంటే కొటేషన్ వేసే వేళకు ఒక్కటీ గుర్తుండదు.

తర్వాత ఒక్కోదాన్ని సైటులో పాటించగల నియమంగా మార్చాలి. 'నిజాయితీ' అనుకున్నారా? సింకు కింద అరకు ఐఎస్ 710 (నీటిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ ప్రమాణం) ముద్ర ఉన్న ప్లైవుడ్డే వాడతామని, కొటేషన్‌లో గ్రేడు, మందం, బ్రాండు మూడూ రాస్తామని పెట్టుకోండి. ఎంఆర్ (మాయిశ్చర్ రెసిస్టెంట్) గ్రేడు ప్లైవుడ్ తేమను కొంతవరకే ఓర్చుకుంటుంది. పైపు లీకైతే అంచులు ఉబ్బి, పైన అంటించిన పల్చని లామినేట్ షీటు లేచిపోతుంది. లామినేట్ అంటించాక లోపల ఏముందో ఇంటివాళ్లకు కనబడదు. అందుకే మా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన నియమం ఇదే. లామినేట్ అంటించకముందే ప్లైవుడ్ మీది ముద్రను ఫొటో తీసి వాళ్లకు పంపండి.

సామాను కొనిపించినందుకు షాపులు ఇచ్చే కమీషన్ మీరే తీసుకుంటారా, క్లయింటు బిల్లులో తగ్గిస్తారా అన్నదీ ముందే తేల్చుకోండి. డిజైన్ ఫీజు మరీ తక్కువ పెట్టి కమీషన్ వద్దనుకుంటే నాలుగు నెలలు తిరక్కుండానే మాట తప్పాల్సి వస్తుంది. ముందు ఫీజు సరిచేయండి.

మీ మూడు విలువలకూ వరుస నంబర్లు వేయండి, ఎందుకంటే అవి ఒకదానితో ఒకటి ఢీకొంటాయి. ఉదాహరణకు, గృహప్రవేశం ఎల్లుండి, బెడ్రూమ్ తలుపులకు పాలిష్ ఆరలేదు. నాణ్యత ఒకటో నంబరైతే పూజగది, వంటగది పూర్తిచేసి ఇచ్చి, తలుపులకు కొత్త తేదీ రాసివ్వండి.