లేత్‌లో టేపర్ వస్తోందా? టైల్‌స్టాక్ స్క్రూలు ముట్టుకోకముందే ఇవి చూడండి

సమస్య అందరికీ తెలిసిందే. షాఫ్ట్‌ని ఒకే కట్‌లో తిప్పారు. చక్ (జాబ్‌ని, అంటే తిప్పే రాడ్‌ని, పట్టుకునే భాగం) దగ్గర 40.00 మి.మీ., టైల్‌స్టాక్ (అవతలి చివర ఆనించే భాగం) దగ్గర 40.06 వచ్చింది. ఇలా పొడవునా సైజు మారడమే టేపర్. వెంటనే చెయ్యి టైల్‌స్టాక్ పక్క స్క్రూల మీదికే పోతుంది. సగం కేసుల్లో అక్కడ తప్పేమీ ఉండదు, స్క్రూ తిప్పినప్పటి నుంచే ఉంటుంది.

ముందు చిన్నవి. టైల్‌స్టాక్ స్లీవ్ (సెంటర్‌ని పట్టుకునే గొట్టం) లోపల, సెంటర్ (జాబ్‌ని ఆనించే మొన) వెనక వాలు భాగం మీద రజను ఉందేమో గుడ్డతో తుడవండి. ఒక్క పిసరు చాలు సెంటర్ పక్కకి పోవడానికి. స్లీవ్ లాక్ బిగించారా? జాబ్ చల్లారాకే కొలిచారా? 50 మి.మీ. స్టీల్ రాడ్ 30 డిగ్రీలు వేడెక్కితే డయామీటర్‌లో దాదాపు 0.018 మి.మీ. పెరుగుతుంది. కాంపౌండ్‌తో (టూల్ కింద కోణానికి తిప్పే చిన్న స్లైడ్) ఫీడ్ ఇచ్చి టేపర్ వచ్చిందంటే, దాని కోణం జీరోలో లేదని అర్థం. ఇవేవీ చూడకుండా మిషన్‌ని తిట్టేవాళ్లే ఎక్కువ.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా టేపర్ వస్తుంటే, టైల్‌స్టాక్‌ని వెనక్కి లాగేసి అది లేకుండా టెస్ట్ కట్ వేయండి. 50 మి.మీ. రాడ్‌ని చక్ నుంచి 200 మి.మీ. బయటికి పట్టండి. రెండు చివర్లా 20 మి.మీ. వెడల్పు కాలర్లు (ఎత్తుగా ఉండే పట్టీలు) వదిలి, మధ్యలో 2 మి.మీ. తగ్గించండి. పదునైన టూల్‌తో, క్రాస్ స్లైడ్ (టూల్‌ని అడ్డంగా జరిపే స్లైడ్) డయల్ కదపకుండా, రెండు కాలర్ల మీదా 0.05 మి.మీ. కట్ ఒకే పాస్‌లో వేయండి. లోతు కట్ వేస్తే రాడ్ వంగి అబద్ధం చెబుతుంది. రెండూ ఒకే సైజు వస్తేనే తప్పు టైల్‌స్టాక్‌ది. రెండింటి మధ్య తేడా వస్తే చాలావరకు బెడ్ (టూల్ నడిచే పొడవాటి కింది భాగం) మెలి తిరిగినట్టే.

మోసం చేసేది ఇదే. బెడ్ చూడటానికి బండలా కనిపిస్తుంది, కానీ ఒక మూల ఫౌండేషన్ బోల్ట్ ఎక్కువ బిగిస్తే మెలి పడుతుంది. సెంటర్ హైట్ (బెడ్ నుంచి సెంటర్ ఎత్తు) 200 మి.మీ. ఉన్న మిషన్‌లో బెడ్ ఒక చివర అడ్డంగా మీటరుకి 0.1 మి.మీ. వాలితే టూల్ 0.02 జరుగుతుంది. డయామీటర్‌లో అది 0.04. మిషన్‌ని జరిపి మళ్లీ బిగించాక, షిమ్ (కాలి కింద పెట్టే పలచటి రేకు) జారిపోయాక, ఫ్లోర్ కుంగాక ఇది మొదలవుతుంది. నల్లరేగడి నేల మీద కట్టిన షెడ్డుల్లో మరీ జాగ్రత్త. ఆ మట్టి వానకి ఉబ్బి, ఎండకి కుంచించుకుపోతుంది, పలచటి ఫ్లోర్ కూడా దాంతోపాటే కదులుతుంది. ఎండాకాలంలో సరిగ్గా నడిచిన లేత్ వానలు పడ్డాక టేపర్ మొదలుపెడితే మొదట మిషన్ కాళ్ల కిందే చూడండి.

మెలి పడిన బెడ్‌కి టైల్‌స్టాక్ జరిపి సర్దుకుంటే ఆ ఒక్క పొడవుకే సైజు కుదురుతుంది. పొడవు మారగానే టేపర్ మళ్లీ వస్తుంది, పైగా టైల్‌స్టాక్‌తో వేసిన డ్రిల్, రీమర్ హోల్స్ మొదట్లో వెడల్పవుతాయి.

సరిచేసే పద్ధతి: హెడ్‌స్టాక్ (చక్ ఉండే భాగం) వైపు బోల్టులు అలాగే ఉంచండి. టైల్‌స్టాక్ వైపు బోల్టులు వదులు చేసి, కాళ్ల కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి బ్లేడు) దూర్చి చూడండి. ఎక్కడ దూరితే ఆ కాలు గాల్లో ఉన్నట్టే, ముందు దాన్ని షిమ్‌తో నింపండి. తర్వాత మీటరుకి 0.02 మి.మీ. చూపే లెవెల్‌ని క్రాస్ స్లైడ్ మీద అడ్డంగా పెట్టి, శాడిల్‌ని (టూల్‌ని మోస్తూ బెడ్ మీద నడిచే భాగం) చక్ వైపు ఒకసారి, టైల్‌స్టాక్ వైపు ఒకసారి తీసుకెళ్లండి. బుడగ సరిగ్గా మధ్యలో ఉండనవసరం లేదు, రెండు చోట్లా ఒకేలా ఉంటే చాలు.

చివరి తీర్పు కాలర్లదే. బయటి కాలర్ (చక్‌కి దూరంగా ఉన్నది) పెద్దగా ఉంటే టైల్‌స్టాక్ వైపు ముందు కాలు (మీరు నిలబడే వైపుది) ఎత్తాలి. చిన్నగా ఉంటే అదే వైపు వెనక కాలు. షిమ్ 0.1 మి.మీ. చొప్పున వేసి, నట్లు సమానంగా బిగించి, మళ్లీ కట్ వేయండి. రాత్రంతా వదిలేసి పొద్దున్నే ఇంకో కట్ వేయండి.

బెడ్ అరుగుదల అయితే టేపర్ సాఫీగా రాదు. మూడు కాలర్లు తిప్పితే మధ్యది లెక్క తప్పుతుంది. దానికి గ్రైండింగో, స్క్రేపింగో (గీకి చదును చేయడం) దారి. హెడ్‌స్టాక్ కదలడం అరుదు. మిషన్‌కి గట్టి దెబ్బ తగిలితే తప్ప ఆ బోల్టుల జోలికి పోకండి.

కాలర్లు సరిగ్గా వచ్చాకే టైల్‌స్టాక్. సెంటర్ల మధ్య తిప్పిన రాడ్‌లో టైల్‌స్టాక్ చివర 0.06 పెద్దగా ఉంటే దాన్ని మీ వైపుకి 0.03 జరపండి. డయల్ గేజ్ (సూదితో కదలిక చూపేది) స్లీవ్‌కి ఆనించి, క్లాంప్ బిగించాకే రీడింగ్ చూడండి, బిగించేటప్పుడు కూడా అది కదులుతుంది.